చేని గట్టున పుట్టిన శాస్త్రము

ఒక రైతు తన మాగాణిలో నొక మడికి క్రొత్త ఎరువు వేసి, ప్రక్కమడికి వేయక, కోతలైన పిమ్మట రెండింటి ధాన్యమును కొలిపించె ననుకొందము. ఎరువు వేసిన మడి రెండు బస్తాలు హెచ్చుగా పండినది. ఇది ఎరువు మహిమయే యని యతడు ఊరంతయు చాటును. కాని ఆ మడి కాలువతూమునకు దాపున నుండవచ్చును. పూర్వ మచ్చట పెంటకుప్ప యుండి నేల బలిసి యుండవచ్చును. క్రొత్త ఎరువు వృథా కాకూడదని రైతే తనకు తెలియకుండ మంచి మడిని ఏఱి యుండవచ్చును. ఏ ఎరువును వేయకున్నను ప్రక్కప్రక్క మడులు రెండును సమముగా పండవని సేద్యము చేయించు ప్రతివారికిని ఎఱుకయే. అట్లైనచో ఎరువు వలన వచ్చిన దెంత, నేల వలన వచ్చిన దెంత యని విడదీయు టెట్లు?

ఈ చిన్న ప్రశ్నను పట్టుకొని గడచిన నూఱేండ్లలో విద్వాంసులు చేసిన పరిశోధన యెంతదూరము వ్యాపించెనో తలచుకొనిన విస్మయము కలుగును. మన జేబులలోని టెలిఫోనులందు దాచిన పటములును లెక్కలును చెడిపోకుండుటకు అది యొక మూలము. క్షయరోగిని ఇంటనే యుంచి మందిచ్చి బాగుచేయవచ్చునని లోకమునకు నమ్మకము కలిగించినది అదియే. మన పల్లెబడులలో ఏమి చేసిన పిల్లలకు చదువు వచ్చునో తేల్చుటకు నేడు పండితులు వాడుచున్న తక్కెడయు అదియే. ఈ మూటికిని పొత్తేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. పొత్తు గలదు. అందు భారతీయుల పాలు పెద్దది. తెలుగువారి పాలును గలదు.

ఇంగ్లండులోని హార్పెండెన్ అను నూర రోతమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనక్షేత్రము 1843లో నెలకొల్పబడెను. అచ్చటి బ్రాడ్‌బాక్ అను చేనిలో నాటినుండి నేటివఱకును గోధుమ పండించుచు, ఏ చెక్కకు ఏ ఎరువు వేసిరో, ఎంత ఫలించెనో వ్రాసి యుంచుచున్నారు. డెబ్బదియైదేండ్ల లెక్కలు గుట్టలుగా పేరుకొనిన పిదప, వాని యర్థము తేల్చుటకై 1919లో రొనాల్డ్ ఫిషర్ అను యువక గణితజ్ఞుడు ఆ క్షేత్రమున కుద్యోగియై వచ్చెను. లెక్కలను మథించి మథించి అతడు కనుగొనిన ముఖ్యాంశ మేమనగా, ప్రయోగము ముగిసిన తరువాత గణితజ్ఞుని పిలుచుట శవపరీక్షకు వైద్యుని పిలుచుట వంటిదని. విత్తు వేయకమునుపే ప్రయోగమునకు క్రమ మేర్పడవలెను. ఒక్క మడి చాలదు, పెక్కు మడులు కావలెను. ఏ మడికి ఏ యెరువు అనుట రైతు ఇచ్చకు గాని పండితుని ఇచ్చకు గాని విడువరాదు, చీటీలు వేయవలెను.

అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు మన పెద్దలు చీటీలు వేయుట అనాదిగా నున్నదే. ఎవరి పక్షపాతమునకును తావీయకుండుటయే దాని యుద్దేశము. ఫిషర్ చెప్పినది ఇంతకంటె నొక్క అడుగు ముందున్నది. చీటీలు వేసినచో మంచినేల ఒకవైపునకే పోవుట అసంభవము కాదు గాని, అది ఎంత యరుదో గణితముచే లెక్కింపవచ్చును. అందుచే కనబడిన హెచ్చుదల కేవలము అదృష్టవశమున కలుగదగినదా, లేక నిజమైనదా యని న్యాయాధిపతి సాక్ష్యమును తూచినట్లు తూచుటకు వీలగును. 1935లో ఇతడు ప్రకటించిన ప్రయోగరచనా గ్రంథమున ఈ తర్కమంతయు గలదు.

ఈ విద్య కలకత్తాకు త్వరలోనే చేరినది. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడైన ప్రశాంతచంద్ర మహలనొబిస్ 1931లో భారత సంఖ్యాశాస్త్ర సంస్థను స్థాపించెను. అందు చేరిన రాజచంద్ర బోసు శుద్ధగణితమున కృషి చేసినవాడు. చేలలో ఎరువులను ఏ యమరికతో వేసిన వరుసవరుసకును నిలువునిలువునకును ప్రతి ఎరువును ఒక్కొక్కసారియే పడును, అట్టి యమరికలు రెండు మూడు నొకదానిపై నొకటి పేర్చిన ఏ జంటయు రెండవసారి రాకుండునా, అను ప్రశ్నలు ఫిషర్ లేవదీసినవి. బోసు వానికి సమాధానముగా సాంతక్షేత్రముల గణితమును తెచ్చెను. గడియారమున పదిగంటలకు అయిదుగంటలు కూడిన మూడగును గదా. అట్లు తుదకు చేరి మరల మొదటికి వచ్చు అంకెలతో కూడికలును గుణకారములును చేయు విద్య అది. ఫ్రెంచి యువకుడు గాల్వా పందొమ్మిదవ శతాబ్దమున దీనికి పునాది వేసి, ఇరువదియేండ్ల ప్రాయముననే ద్వంద్వయుద్ధమున మడిసెను. దానిని కలకత్తాలో బోసునకు పరిచయము చేసిన ఆచార్యుడు లెవీ, హిట్లరు పాలన వలన జర్మనీ విడిచి మన దేశమున తలదాచుకొనిన యూదుడు. గాల్వా లేఖనములు పంటపొలమునకు పనికివచ్చునని ఎవరు తలచియుందురు?

ఇక సి. ఆర్. రావుగారి మాట. కల్యంపూడి రాధాకృష్ణ రావుగారు 1920లో నాటి మద్రాసు రాజధానిలోని హడగలిలో తెలుగు కుటుంబమున జన్మించి, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్టణములలో చదివి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితమున ఎం. ఏ. పట్టమందిరి. యుద్ధకాలమున సైనికశాఖలో గణితజ్ఞుని యుద్యోగమునకై కలకత్తా వెళ్లి, అది లభింపక, అచ్చట సంఖ్యాశాస్త్రము నేర్పు సంస్థ యొకటి గలదని విని 1941లో అందు ప్రవేశించిరి. ఆ ఉద్యోగము దొరకకపోవుట దేశమునకు మేలైనదనియే చెప్పవలెను. 1944లో వారు పాఠము చెప్పుచుండ, పిమ్మట ఆర్థికశాస్త్రవేత్తగా పేరొందిన దాండేకర్ విద్యార్థిగా నొక ప్రశ్న వేసెను. పెద్దసంఖ్యలకు ఫిషర్ చెప్పిన సిద్ధాంతము చిన్నసంఖ్యలకు వర్తించునా యని దాని సారాంశము. ఆ రాత్రియే రావుగారు దానికి సమాధానము సాధించిరి. 1945లో కలకత్తా గణితసంఘ పత్రికలో అచ్చైన ఆ వ్యాసము వలన, ఎంత నిపుణుడైనను చేతనున్న సాక్ష్యమునుండి ఇంతకు మించిన సూక్ష్మతతో అంచనా వేయజాలడను హద్దు స్థిరపడినది. దానికి క్రామర్-రావు హద్దని పేరు.

మన ప్రస్తుత విషయమునకు ముఖ్యమైనది 1947లో వారు ప్రకటించిన లంబపట్టికలు. విత్తనము, ఎరువు, నీటివంతు, నాట్ల యెడము మొదలగు ఏడు విషయములను ఒక్కొక్కటి రెండు విధముల మార్చి పరీక్షింపవలె నన్నచో 128 కూర్పు లగును. అన్ని మడులు ఎవరికుండును? పట్టిక ననుసరించి ఏర్పరచినచో, విషయము లొకదానితో నొకటి పెనవేసికొనవను నియమమునకు లోబడి, 8 మడులతోనే ఒక్కొక్కదాని ఫలమును వేఱుగా అంచనా వేయవచ్చును. ఈ పద్ధతులు పిదప జపానులో యంత్రశాలలకును ప్రాకినవి.

ఆ 8 వరుసల పట్టికలో నొక చిత్రమున్నది. వరుసకు ఏడేసి అంకెలు గదా. ఏ రెండు వరుసలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినను సరిగా నాలుగు చోట్ల భేదించును. ఒకడు ఆ వరుసలలో నొకదానిని దూరమున నున్నవానికి వ్రాసి పంపగా దారిలో ఒక అంకె చెడినదనుకొందము. చేరిన వరుస అసలైనదానికి ఒక్కచోటనే భేదించును. తక్కినవానికి మూడుచోట్లనైన భేదించును. కావున అసలేదియో పోల్చుకొనుట సులభము. చేనికై కట్టిన పట్టిక, లేఖను చెడకుండ కాపాడు కవచ మైనది.

కరణముల లెక్కలెఱిగినవారికి ఇది వింతగా తోపదు. అడ్డువరుసలకు మొత్తములు, నిలువువరుసలకు మొత్తములు వేసిన చిట్టాలో ఒక అంకెను చెదపురుగు తినివేసినచో, ఆ రెండు మొత్తములబట్టి దానిని తిరిగి పూరింపవచ్చును. ఒక అంకె తప్పుగా పడినచో ఏ అడ్డువరుస మొత్తము కుదరదో, ఏ నిలువువరుస మొత్తము కుదరదో చూచి, అవి కలిసిన గడియే తప్పని వ్రేలు పెట్టవచ్చును. కాని పురుగు ఒకేచోట పది అంకెలు తినివేసిన నేమి గతి? కొంచెము అదనపు వ్రాతతో ఎన్ని తప్పులనైనను దిద్దు ఉపాయము కావలెను. అమెరికాలో హామింగ్ 1950లో మొదటి మెట్టు కట్టెను. అప్పటికి అమెరికాలో స్థిరపడిన బోసు, తన శిష్యుడు ద్విజేంద్రకుమార్ రాయ్‌చౌధురితో కూడి 1960లో, ఫ్రాన్సున ఆకెంగెమ్ వేఱుగా 1959లో, కోరినన్ని తప్పులను దిద్దగల సంకేతములను నిర్మించిరి. సాధనము ఆ గాల్వా గణితమే. అదే 1960లో రీడ్, సాలొమన్ అను నిరువురు అమెరికను గణితజ్ఞులు అయిదు పుటల వ్యాసమున ఈ కుటుంబమునకే చెందిన మఱియొక సంకేతమును ప్రకటించిరి. నాడు దానిని పనిచేయింపగల యంత్రములు దాదాపు లేవనియే చెప్పవచ్చును.

1956లో వెలువడిన మొదటి చక్రయంత్రము ఏబది పెద్దపళ్లెములతో, టన్నుబరువుతో, కేవలము 5 మెగాబైట్ల వ్రాతను దాచెను. నేడు గోటియంత కార్డు దానికి వేలరెట్లు దాచుచున్నది. ఇది కేవలము పదార్థవిద్య వలననే కలిగిన దని పలువు రనుకొందురు. కాని చిన్నదైన కొలది వ్రాత పెళుసగును. కార్డులోని సూక్ష్మగదులనుండి విద్యుత్కణములు కాలక్రమమున జారిపోవుచుండును. చదివినప్పుడెల్ల కొన్ని తప్పులు వచ్చుచునే యుండును. వానిని మనకు తెలియనీయక దిద్దుచున్నవి ఈ సంకేతములే. 1982లో విక్రయమునకు వచ్చిన సంగీతపు కాంపాక్టు డిస్కుపై రెండున్నర మిల్లీమీటర్ల పొడవున వ్రాత నశించినను పాట చెడదు. అది రీడ్-సాలొమన్ సంకేత మహిమ. 1994లో జపానులో మోటారు భాగముల గుర్తింపునకై పుట్టి, నేడు మన కూరగాయల బండ్లమీద సొమ్ము చెల్లింపునకై వ్రేలాడుచున్న చతురస్రపు ముద్రలోను అదే సంకేతము గలదు. మిక్కిలి గట్టిగా రచించిన ముద్రలో ఇంచుమించు నూటికి ముప్పది పాళ్లు మాసినను లెక్క తప్పదు. వానలో తడిసి, బురద చింది, మూల చినిగిన ముద్రను చూపి బేరగాడు సొమ్ము పుచ్చుకొనుచుండుట మనము చూచుచున్నదే.

ఈ చరిత్రలో ఒక సంగతి మనస్సునకు పట్టవలెను. గాలగర్ అను విద్యార్థి 1960లో మాసచూసెట్సు సాంకేతికవిద్యాలయమున సమర్పించిన సిద్ధాంతవ్యాసమున మఱియొక జాతి సంకేతములు గలవు. ముప్పదియేండ్లు దానిని దాదాపు ఎవరును తిరిగి చూడలేదు. నేటి డిస్కులలోను కార్డులలోను అవియే విరివిగా ప్రవేశించినవి. దీని వలన ఈ యేడు లాభమెంత యని అడిగిన సేటు ఎవడును ఆ ముప్పదియేండ్లు ఓపిక పట్టియుండడు. విశ్వవిద్యాలయమున బీరువాలో నుండుటచే అది బ్రదికినది.

వైద్యమున ఈ పద్ధతి ప్రవేశించిన తీరు వేఱు. ఇంగ్లండులో ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనువాడు మొదటి మహాయుద్ధకాలమున క్షయ సోకి మంచమెక్కి, వైద్యవిద్యకు నోచుకొనక, సంఖ్యాశాస్త్రవేత్త యయ్యెను. రెండవ మహాయుద్ధానంతరము స్ట్రెప్టొమైసిన్ అను క్రొత్త మందు అమెరికానుండి కొలదిగా వచ్చినది. ఉన్నమందు అందఱికిని చాలదు. హిల్ సలహాపై, ఎవరికి మందు, ఎవరికి విశ్రాంతి మాత్రము అను నిర్ణయమును మూసిన కవరులలోని చీటీలకు విడిచిరి. 1948లో ఫలితములు వెలువడెను. ఆఱుమాసములలో మందు పొందిన 55 మందిలో నలుగురును, పొందని 52 మందిలో 14 మందియు మరణించిరి. కొఱత యున్నచోట చీటీ వేయుట క్రూరము కాదు. పలుకుబడి గలవానికి మందు పోయి లేనివానికి పోకుండుటకంటె అది ధర్మమే.

మన దేశమున క్షయపు సమస్య మఱియొక రూపమున నుండెను. ఆ దినములలో చికిత్స యనగా శానటోరియము. మంచిగాలి, పడక, పాలు, గ్రుడ్లు, మాసములకొలది విశ్రాంతి. మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరము పేరు తెలియని తెలుగు కుటుంబము లరుదు. కాని రోగులు లక్షలలో, మంచములు వేలలో. పేదవాడు గుడిసెలో నుండి, అరకొర తిండి తినుచు, కూలికి పోవుచు, కేవలము మందుచే బాగుపడునా? బాగుపడడనియే పెద్దవైద్యులు పలువురు తలచిరి. దానిని వాదముచే గాక ప్రయోగముచే తేల్చుటకు 1956లో మద్రాసులో క్షయచికిత్సా పరిశోధనకేంద్రము ఏర్పడెను. భారత వైద్యపరిశోధన మండలి, మద్రాసు ప్రభుత్వము, ప్రపంచ ఆరోగ్యసంస్థ, బ్రిటిషు వైద్యపరిశోధన మండలి అందు పాలుగొన్నవి.

నగరములోని బీదరోగులు 193 మందిని చీటీలపై రెండు పాయలు చేసిరి. ఒక పాయ శానటోరియమునకు పోయెను. రెండవ పాయ ఇంటనే యుండెను. ఇరువురకును మందులు ఒక్కటియే, ఒక యేడు. శానటోరియములోనివారు చక్కగా భుజించిరి, బరువెక్కిరి, విశ్రమించిరి. ఇంటనున్నవారి తిండి తీసికట్టు, ఇల్లిరుకు, పని తప్పదు. 1959లో ప్రకటితమైన ఫలితము చూచి లోకము ఆశ్చర్యపడెను. సంవత్సరాంతమున శానటోరియము రోగులలో నూటికి 92 మందికిని, ఇంటనున్నవారిలో నూటికి 86 మందికిని రోగము అణగిపోయెను. ఇంటివారికి అంటురోగము హెచ్చునను భయమును, తరువాత కొన్నియేండ్లు ఆ కుటుంబములను కనిపెట్టి చూచి, నిరాధారమని తేల్చిరి. మందు మొదలిడకమునుపే అంటవలసినది అంటియుండెను. పిమ్మట పెక్కుదేశములలో క్షయవైద్యము మంచములనుండి ఇండ్లకు మరలెను. ధనిక దేశములలోను శానటోరియములు మూతపడసాగినవి. మద్రాసు పేటలలోని గుడిసెవాసులు లోకమునకు చెప్పిన పాఠ మిది.

ఇట్టి ప్రయోగములు మనకు ప్రియమైన మాటనే చెప్పవలెనను నియమము లేదు. చెంగల్పట్టు జిల్లాలో 1968 మొదలు రెండులక్షలకు పైగా ప్రజలపై బి. సి. జి. టీకాను పరీక్షించిరి. 1979లో వెలువడిన నివేదిక, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను ఆ టీకా ఆపలేదని స్పష్టముగా చెప్పెను. ఎంతో వ్యయము చేసి, ఎన్నో ఆశలు పెట్టుకొనిన పనికి ఇట్టి ఫలము వచ్చినపుడు దానిని దాచక ప్రకటించుట గొప్ప. పసిపిల్లలకు మెదడుపొరల క్షయ మున్నగు ఘోరరూపముల నుండి అది రక్ష నిచ్చుచున్నందున నేటికిని శిశువులకు వేయుచున్నారు.

మద్రాసు ఫలితమును చూపి, క్షయకు తిండితో పని లేదని కొందరు అపార్థము చేసికొనిరి. ఆ ప్రయోగము అడిగిన ప్రశ్న, మందు పుచ్చుకొనువాడు బాగుపడునా యని. రోగము రాకుండుటకు తిండి తోడ్పడునా యని కాదు. ఆ రెండవ ప్రశ్నను మన కాలమున ఝార్ఖండులోని నాలుగు జిల్లాలలో అడిగిరి. రోగులు 2,800 మంది. వారి యిండ్లలోనివారు 10,345 మంది. రోగులకందఱకును ఆహార మిచ్చిరి. ఇంటివారిలో ఒక పాయకు నెలనెల బియ్యము, కందిపప్పు, పోషకమాత్రలు ఇచ్చి, రెండవ పాయకు ఇవ్వక, ఎందఱికి క్షయ సోకెనో చూచిరి. 2023లో తెలిసిన దేమనగా, తిండి యిచ్చిన యిండ్లలో క్రొత్తగా క్షయ వచ్చుట నూటికి 39 పాళ్లు తగ్గెను. అంటించు జాతి ఊపిరితిత్తుల క్షయ మాత్రమే లెక్కించిన 48 పాళ్లు తగ్గెను. ప్రపంచమున మఱి ఏ దేశమునను లేనంత మంది క్షయరోగులు గల మనకు కందిపప్పు ఒక మందు వంటిదని రుజువైనది. నాటి మద్రాసు కేంద్రమే నేడు జాతీయ క్షయపరిశోధన సంస్థ యను పేరుతో ఈ పనిలో పాలుగొన్నది.

బడుల విషయము మనకు మఱింత దగ్గఱిది. 2005 మొదలుకొని ఉమ్మడి ఆంధ్రప్రదేశమున అయిదు జిల్లాలలో 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను చీటీలపై పాయలు చేసి ఒక మహాప్రయోగము నడిపిరి. రాష్ట్రప్రభుత్వము, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషను, ప్రపంచబ్యాంకు దీనికి తోడ్పడినవి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను ఆర్థికశాస్త్రవేత్తలు నడిపినవారు. ఒక పాయలో పిల్లల చదువు మెఱుగైనకొలది ఉపాధ్యాయులకు బహుమానధనము. ఒక పాయలో బడికి అదనముగా కాంట్రాక్టు పంతులు. ఒక పాయలో పుస్తకములు పలకలు కొనుటకు నిధి. మఱియొక పాయలో, మీ పిల్లలు ఇచ్చట వెనుకబడి యున్నారని వివరమైన నివేదిక మాత్రము. ఏమియు నీయని బడులతో వీనిని పోల్చిరి.

బహుమానము గల బడులలో రెండేండ్లకు లెక్కలలో, నూఱుమందిలో క్రిందినుండి 50వ స్థానమున నుండదగిన బిడ్డ ఇంచుమించు 60వ స్థానమునకును, భాషలో 57వ స్థానమునకును చేరెను. బహుమానము లేని విషయములలోను పిల్లలు మెఱుగైరి. అదనపు పంతులు గల బడులును మెఱుగైనవి. ఆ పంతుళ్ల జీతము పర్మనెంటు ఉపాధ్యాయుల జీతములో చిన్నపాలు మాత్రమే. నివేదిక మాత్రము పొందిన బడులలో, చూడవచ్చినవారి యెదుట ఉపాధ్యాయులు చురుకుగా కనబడిరి గాని పిల్లల చదువు పిసరంతయు మాఱలేదు. తనిఖీ దినమున బడి శోభ యెట్లుండునో ఎఱిగిన మనకు ఇది నవ్వు పుట్టించును.

నిధి ఫలితమే నాకు అన్నిటికంటె రుచించినది. మొదటి యేడు నిధి వచ్చునని ఎవరికిని తెలియదు. పిల్లల చదువు పెరిగెను. రెండవ యేడు అంతే సొమ్ము వచ్చెను, చదువు పెరుగలేదు. కారణమేమని యిండ్లకు పోయి విచారింపగా, బడిలో ఇత్తురు గదా యని తల్లిదండ్రులు తాము కొనదలచిన పుస్తకములు కొనుట మానుకొని ఆ సొమ్మును వేఱు అవసరములకు వాడుకొనిరి. వారిది తప్పు గాదు. ఇంటి యజమాని ఎవడైనను అట్లే చేయును. కాని ఈ సంగతి తెలియని ప్రభుత్వము, ఇంత వ్యయమైనది, ఇన్ని పుస్తకములు పంచబడినవి యని ప్రకటించుకొని తృప్తి పడును.

2008లో 180 గ్రామములలో మఱియొక చీటీ వేసిరి. గెలిచిన పిల్లలకు ప్రైవేటుబడి చదువునకు ఫీజు చెల్లించిరి. నాలుగేండ్లకు పరీక్షింపగా, వారికిని ప్రభుత్వబడుల పిల్లలకును తెలుగులో గాని లెక్కలలో గాని తేడా లేదు. హిందీలో మాత్రము ప్రైవేటు పిల్లలు మిన్న. పల్లెలలో ఆస్తి తాకట్టు పెట్టియైనను పిల్లలను ప్రైవేటుబడులకు పంపు తలిదండ్రులు ఈ ఫలితము నొకసారి తీరికగా చదువవలెను. అదే సమయమున, ఆ ప్రైవేటుబడులకు పిల్లవానికి అగు ఖర్చు ప్రభుత్వబడి ఖర్చులో మూడవవంతునకును తక్కువ యని కూడ ఆ లెక్కయే చెప్పుచున్నది. ఏ పక్షమువారు ఏ సగమును చదివి వినిపింతురో చెప్పనక్కఱ లేదు.

పేదఱికమును తగ్గించుటకై ఇట్టి ప్రయోగపద్ధతిని పెంపొందించినందులకు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, మైకేల్ క్రేమర్‌లకు 2019లో ఆర్థికశాస్త్రమున నోబెలు బహుమాన మిచ్చిరి. విమర్శకులును లేకపోలేదు. 2015లో అదే బహుమాన మందిన ఆంగస్ డీటన్, ఒకచోట ఫలించినది వేఱొకచోట ఫలించునని చీటీ చెప్పదనియు, ఎందుచే ఫలించెనో తెలియక ఫలించినదని మాత్రము తెలిసిన చాలదనియు హెచ్చరించెను. ఇది నిజమైన లోపమే. కృష్ణాడెల్టా నల్లరేగడిలో పండిన పద్ధతి అనంతపురపు ఎఱ్ఱనేలలో పండునని ఏ రైతును నమ్మడు. దీనికి మందు, అనంతపురమునను ప్రయోగము చేయుటయే గాని, ఎచ్చటను చేయకుండుట గాదు. పిల్లలపై ప్రయోగమా యని కోపించువారును గలరు. పరీక్షింపని పథకమును ఒక్కనాడే ఆఱువందలకు పైగా మండలములందు అమలు జరుపుట ప్రయోగము కాదా? అదియును ప్రయోగమే, ఫలము తెలిసికొనుటకు వీలులేని ప్రయోగము.

ప్రభుత్వములు మాఱినపుడెల్ల బడులలో పథకములకు పేరులు మాఱుచున్నవి. పాతది ఏల పోయెనో, క్రొత్తది ఏల వచ్చెనో సాక్ష్యము చూపువారు లేరు. ఏ పథకమైనను ధనాభావము వలన కొన్ని మండలములలో ముందు, కొన్నింట వెనుక అమలు జరుగుట సహజము. ఆ ముందువెనుకలను సిఫారసులకు విడువక చీటీలకు విడిచినచో, అదనపు ఖర్చు లేకయే రెండేండ్లలో నిజము తెలియును. శాసనసభలో దీనిని అడుగుటకు ఏ పక్షమునకును అభ్యంతర ముండరాదు. పరిశోధనకు దేశము ఖర్చు చేయునది 2020-21లో జాతీయోత్పత్తిలో నూటికి 0.64 వంతు మాత్రమే. ఆ కొంచెములోను ఇట్టి పరీక్షలకు దక్కునది అత్యల్పము. మద్రాసు గుడిసెల ప్రయోగము వలన కట్టనక్కఱలేకపోయిన శానటోరియముల ఖర్చు నెవరైన లెక్కగట్టిన, పరిశోధన వ్యయమని మనము గొణుగుకొనుట మానుదుము.

వ్రాతలను దాచు విషయమునను మన యలక్ష్యము చెప్పదగినది. పరీక్షలైన పిదప పిల్లల జవాబుపత్రములు తూకమునకు పోవుచున్నవి. ఏ ప్రశ్నకు ఏ జిల్లాలో ఎందఱు తడబడిరో అందున్నది. దానిని చదువువాడు లేడు. దాచుటకు నేడు చోటు కొఱత గాదు. దోసెడు కార్డులలో రాష్ట్రమంతయు పట్టును. రోతమ్‌స్టెడ్‌లో 1843నుండి ప్రతి పంటనుండి కొంత గింజ, కొంత గడ్డి, ప్రతి చెక్కనుండి కొంత మన్ను సీసాలలోను డబ్బాలలోను పోసి, చీటీ యంటించి అరలలో పెట్టుచు వచ్చిరి. ఇప్పటికి అవి ఇంచుమించు మూడులక్షలు. 2005లో శాస్త్రజ్ఞులు 1844నుండి దాచిన గోధుమలలోని జన్యుపదార్థమును వెదకి, ఆకులను మాడ్చు రెండు బూజుజాతులలో ఏది ఏ కాలమున హెచ్చెనో కనుగొని, ఆ హెచ్చుతగ్గులు బొగ్గుపొగలోని గంధకముతో పాటు నడచినవని తేల్చిరి.